నడక, సైకిలు, ఆటస్థలం: ప్రజారోగ్యానికి ప్రజాధనం

జనం నడవడానికి, సైకిలు తొక్కడానికి, ఆడుకోవడానికి వీలైన చోట్లను ప్రజాధనంతో ఏర్పాటు చేసి, ఏటేటా వాటి బాగోగులు చూసుకుంటూ, ఆ ఖర్చును ఆరోగ్యం మీద పెట్టుబడిగా లెక్కగట్టే ఆలోచన గత డెబ్బై ఏళ్లలో రూపుకట్టింది. ఫుట్‌పాత్‌లు, సైకిలు దారులు, పార్కులు, మైదానాలు, ఈత కొలనులు, బడి ముందు జీబ్రా గీతలు, ఆదివారం పూట వాహనాలు ఆపేసే వీధులు అన్నీ దీని కిందికే వస్తాయి. చిక్కల్లా పద్దుల దగ్గరే వస్తుంది. ఫుట్‌పాత్ మున్సిపాలిటీది, మైదానం క్రీడాశాఖది, షుగర్ జబ్బు వైద్యశాఖది. ఒకరి పద్దు ఒకరు చూడరు. ఈ రంగంలో ఏ దేశం విజయం సాధించినా, ఏ దేశం చతికిలబడినా, కారణం వెతుకుతూ పోతే చాలాసార్లు ఇక్కడికే వస్తాం.

అవసరం ఎంత

పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలని, పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల ఆట లేదా వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున చురుగ్గా నడిస్తే 150 నిమిషాలు నిండుతాయి. 2024లో వెలువడిన అంచనాల ప్రకారం, 2022 నాటికి ప్రపంచంలోని పెద్దవాళ్లలో 31 శాతం, అంటే దాదాపు 180 కోట్ల మంది ఆ కనీసాన్ని కూడా అందుకోలేకపోతున్నారు. భారతదేశంలో దాదాపు సగం మంది పరిస్థితి ఇదే. ఆడవాళ్లలో ఇది 57 శాతం, మగవాళ్లలో 42 శాతం. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని 2023లో ప్రచురితమైన ఐసీఎంఆర్ సర్వే తేల్చింది.

ఈ అంకెలు వినగానే ‘జనానికి బద్ధకం పెరిగింది’ అనడం పరిపాటి. ఆ మాట సగం కూడా నిజం కాదు. షుగర్ బయటపడిన యాభై ఏళ్ల మనిషికి డాక్టరు మందులు రాసి, రోజూ ముప్పావు గంట నడవమని చెప్పి పంపిస్తారు. మందుల షాపు వీధి మలుపులోనే ఉంటుంది. నడిచే చోటు మాత్రం ఆటో ఎక్కి వెళ్లేంత దూరంలో ఉంటుంది. పొద్దున్నే నాలుగింటికి లేచి వంట, పిల్లల క్యారేజీలు, ఆపైన ఉద్యోగం చూసుకునే ఇల్లాలికి ఆ ఆటో ప్రయాణానికి తీరికేదీ? సంకల్పం ఎంత ఉన్నా చోటు లేకపోతే సాగదన్నది ఈ రంగంలో మొదటి పాఠం.

లండన్ బస్సులు చెప్పిన సంగతి

ఒంటి శ్రమకూ గుండెకూ ఉన్న సంబంధాన్ని గట్టి ఆధారాలతో చూపిన తొలి పరిశోధనల్లో ఒకటి బస్సు సిబ్బంది మీద జరిగింది. బ్రిటన్ వైద్యుడు జెరెమీ మోరిస్, ఆయన సహచరులు లండన్ రవాణా సంస్థలో పనిచేసే దాదాపు 31,000 మంది మగ ఉద్యోగుల ఆరోగ్య వివరాలు పరిశీలించి, ఫలితాలను 1953లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రచురించారు. డ్రైవరు పూటంతా సీట్లోనే ఉంటాడు. కండక్టరు డబుల్ డెక్కర్ మెట్లు ఎక్కుతూ దిగుతూ టికెట్లు కొడతాడు. ఒకప్పటి హైదరాబాదు డబుల్ డెక్కర్ ఎక్కినవాళ్లకు ఆ మెట్లు, ఆ ఇరుకు గుర్తుండే ఉంటాయి. ఇద్దరిదీ ఒకే సంస్థ, ఇద్దరివీ ఇంచుమించు ఒకే తరహా కుటుంబాలు. అయినా కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది. వచ్చినా ఆలస్యంగా, తక్కువ తీవ్రతతో వచ్చింది. ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్లను టెలిఫోన్ ఆపరేటర్లతో, గుమాస్తాలతో పోల్చినప్పుడూ అదే తేడా బయటపడింది.

మోరిస్ అక్కడితో ఆగలేదు. డ్రైవర్లు మొదటి నుంచీ లావుపాటి మనుషులేమో, తేడా అందుకే వచ్చిందేమో అన్న అనుమానం ఆయనకే వచ్చింది. సంస్థ కుట్టించి ఇచ్చే యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలు తెప్పించి చూశారు. డ్రైవర్ల నడుములు నిజంగానే పెద్దవి. అయితే ఒకే నడుము కొలత ఉన్న డ్రైవర్లనూ కండక్టర్లనూ పోల్చి చూసినా కండక్టర్ల గుండే పదిలంగా ఉంది. శాస్త్రీయమైన నిజాయితీ అంటే ఏమిటో చెప్పడానికి ఈ ప్యాంట్ల కథ చాలు.

రోజూ వ్యాయామం చేస్తామని ఆ కండక్టర్లెవరూ సంకల్పం చెప్పుకోలేదు. మెట్లు వాళ్ల పనిలోనే ఉన్నాయి. కూర్చునే కొలువులు పెరిగిన కాలంలో ఆ మెట్లను ఊరి దైనందిన జీవితంలోకి మళ్లీ ఎలా తేవాలన్నదే ఆ తర్వాతి విధానాలన్నిటికీ మూలప్రశ్న అయింది.

పార్కుల నుంచి పద్దుల దాకా

ప్రజాధనంతో ఊరంతటికీ పార్కు కట్టాలన్న ఆలోచన మోరిస్ కంటే వందేళ్ల ముందటిది. ఫ్యాక్టరీల పొగలో బతికే కార్మికులకు గాలి, పచ్చదనం అందించాలని ఇంగ్లండులో 1847లో ప్రారంభించిన బర్కెన్‌హెడ్ పార్కును ఇందుకు తొలి ఉదాహరణగా చెబుతారు. జోసెఫ్ పాక్స్టన్ దాని రూపశిల్పి. దాన్ని చూసి వెళ్లిన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ ఆ తర్వాత న్యూయార్కు సెంట్రల్ పార్కు రూపకల్పనలో భాగస్వామి అయ్యాడు.

తెలుగునాట వ్యాయామశాలలకు, తాలింఖానాలకు చాలాకాలం జమీందారులు, దాతలే అండ. కోడి రామమూర్తి నాయుడు వంటి మల్లయోధులు ఆ వాతావరణంలో పెరిగినవారే. ప్రజల సొమ్ముతో నడిచే వ్యవస్థకు మనకు మంచి నమూనా మరోచోట ఉంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ఆస్తిపన్ను మీద గ్రంథాలయ సెస్సుకు వీలు కల్పించింది. భవనం కట్టి వదిలేయకుండా, ఏటా వచ్చే రాబడిని చట్టంలోనే రాశారు. ఆ సొమ్ము గ్రంథాలయాలకు ఎంత సక్రమంగా చేరుతోందన్నది వేరే చర్చ. నడిచే దారులకు, మైదానాలకు కూడా అంత స్థిరమైన రాబడి చూపించిన ఊళ్లే ప్రపంచంలో ముందుకు వెళ్లాయి.

బొగొటా ఆదివారాలు

కొలంబియా రాజధాని బొగొటా ఈ రంగంలో అందరికంటే ఎక్కువగా చెప్పుకునే నగరం. ఐరోపా నగరాలంత డబ్బు లేదు, ట్రాఫిక్కు విపరీతం, సముద్రమట్టానికి దాదాపు 2,600 మీటర్ల ఎత్తు. 1974 డిసెంబరు 15న కొందరు సైకిలు ప్రియులు ప్రధాన రోడ్ల మీద వాహనాలు లేకుండా ఒక ప్రదర్శన జరిపారు. రెండేళ్లకు, 1976లో నగర ప్రభుత్వం దాన్ని అధికారిక కార్యక్రమంగా గుర్తించింది. ‘సిక్లోవియా’ అని పిలిచే ఈ ఏర్పాటు ఇప్పుడు ప్రతి ఆదివారం, ప్రతి సెలవు రోజు ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 2 వరకు, 120 కి.మీ.కు పైగా రోడ్ల మీద సాగుతుంది. పది లక్షలకు పైగా జనం వస్తారు. పిల్లలు బండి కింద పడతారన్న బెంగ లేకుండా సైకిలు నేర్చుకుంటారు. ముసలివాళ్లు, కుక్కలను తిప్పేవాళ్లు, స్కేటింగు చేసేవాళ్లు, పళ్లరసం అమ్ముకునేవాళ్లు ఒకే రోడ్డు మీద కలుస్తారు. 1995 నుంచి పార్కుల్లోనూ కూడళ్లలోనూ శిక్షకులు పాటలు పెట్టి ఉచితంగా సామూహిక వ్యాయామం చేయిస్తున్నారు. ఆ తరగతులకు వచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ.

దీని ఖర్చు స్వరూపం గమనించదగ్గది. కొత్తగా భూమి కొననక్కర్లేదు. రోడ్డు ఎప్పుడో వేశారు. అడ్డుగా పెట్టే బారికేడ్లు, కూడళ్ల దగ్గర యూనిఫాంలో నిలబడే యువ కార్యకర్తలు, ప్రథమ చికిత్స, సైకిలు మరమ్మతు, ఇంతే. 2012లో ప్రచురితమైన ఒక అధ్యయనం పాల్గొనే మనిషికి ఏటా సుమారు 6 డాలర్లు ఖర్చవుతోందని, పెట్టిన ప్రతి డాలరుకు వైద్య ఖర్చుల రూపంలో 3 నుంచి 4 డాలర్లకు పైగా ఆదా ఉందని లెక్కగట్టింది. అదే అధ్యయనంలో, శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగే ఇలాంటి కార్యక్రమం ఖర్చు మనిషికి 70 డాలర్లు దాటింది. అప్పుడప్పుడూ చేసే పండగకు, వారం వారం చేసే అలవాటుకు ఉన్న తేడా అది.

ఆదివారపు వీధులు ఒక్కటే నగరాన్ని మార్చవు. 1998లో మేయరైన ఎన్రికే పెన్యాలోసా హయాంలో శాశ్వత సైకిలు దారులు, వెడల్పాటి ఫుట్‌పాత్‌లు, ట్రాన్స్‌మిలేనియో బస్సులు వచ్చాయి. ఫుట్‌పాత్‌ల మీద కార్లు నిలపడానికి వీల్లేదన్నందుకు ఆయన ఎదుర్కొన్న వ్యతిరేకత చిన్నది కాదు. ఆదివారాల్లో ఆ రోడ్ల రుచి చూసిన జనం అండ లేకపోతే ఆ పని సాగేది కాదని నేననుకుంటాను.

ఐరోపా, అమెరికా అనుభవాలు

నెదర్లాండ్స్ వాళ్లకు సైకిలు పుట్టుకతోనే వచ్చిందని చాలామంది నమ్మకం. 1950లు, 60లలో అక్కడా సైకిళ్లు తగ్గి కార్లు పెరిగాయి. 1971లో రోడ్డు ప్రమాదాల్లో 3,000 మందికి పైగా చనిపోతే, అందులో 400 మందికి పైగా పిల్లలు. ‘పిల్లలను చంపడం ఆపండి’ అంటూ తల్లిదండ్రులు రోడ్డెక్కారు. 1973 చమురు సంక్షోభం తోడై, ఆదివారాల్లో కార్లు ఆపేసిన ప్రభుత్వం క్రమంగా సైకిలు దారుల మీద పెట్టుబడి మొదలుపెట్టింది. ఇప్పుడు అక్కడ జరిగే ప్రయాణాల్లో నాలుగో వంతుకు పైగా సైకిలు మీదే. ఇది యాభై ఏళ్ల పట్టుదల ఫలితం.

అంత ఓపిక లేనివాళ్లకు స్పెయిన్‌లోని సెవిల్లే దారి చూపింది. 2006 తర్వాత నాలుగైదేళ్లలో ఆ నగరం సుమారు 120 కి.మీ. సైకిలు దారులను ఒకదానితో ఒకటి కలిసేలా వేసింది. ఖర్చు సుమారు 3.2 కోట్ల యూరోలు. రోజుకు పదమూడు వేల దాకా ఉన్న సైకిలు ప్రయాణాలు 70,000కు చేరాయి. అక్కడి ఇంజనీర్లు పట్టిన కిటుకు ఒక్కటే: ముక్కలు ముక్కలుగా కాకుండా మొత్తం అల్లికను ఒక్కసారిగా పూర్తి చేయడం. నడిమధ్యలో ఆగిపోయే దారిలోకి పిల్లను ఏ తల్లీ పంపదు.

అమెరికాలో 1969లో బడిపిల్లల్లో 48 శాతం నడిచో సైకిలు మీదో వెళ్లేవాళ్లు. 2009 నాటికి అది 13 శాతానికి పడిపోయింది. ఈ తగ్గుదలను గుర్తించి 2005లోనే బడికి సురక్షితమైన దారుల కోసం సమాఖ్య ప్రభుత్వం ప్రత్యేక నిధి కేటాయించింది. ఐస్‌లాండ్‌ది మరో తరహా. టీనేజి పిల్లల్లో తాగుడు తగ్గించాలని క్రీడా మందిరాలు కట్టారు, శిక్షకులను పెట్టారు. పిల్లల క్లబ్బు రుసుములకు రాజధాని రేక్యావిక్ నగరపాలక సంస్థ సాయం ఇచ్చింది. తల్లిదండ్రుల పర్యవేక్షణ, రాత్రి వేళ ఆంక్షలు కూడా తోడయ్యాయి. గడిచిన నెలలో తాగి మత్తెక్కామని చెప్పిన 15, 16 ఏళ్ల పిల్లలు 1998లో 42 శాతం ఉంటే 2016కు 5 శాతం మిగిలారు. ఆటస్థలం ఒక్క గుండెకే మందు కాదని అర్థమవుతుంది.

భారతదేశం: విధానం ఉంది, వంద మీటర్ల దారి లేదు

వాహనాలను కాక మనుషులను తరలించడమే లక్ష్యంగా ఉండాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం స్పష్టంగా చెప్పింది. పనికి ఎలా వెళ్తున్నారని 2011 జనగణన అడిగినప్పుడు, వ్యవసాయేతర కార్మికుల్లో దాదాపు మూడో వంతు నడిచో సైకిలు మీదో వెళ్తున్నారని తేలింది. ఇంత పెద్ద సంఖ్యలో రోడ్డు వాడుకునేవాళ్లకు ఆ రోడ్డులో దక్కుతున్న చోటెంత?

ఏ జిల్లా కేంద్రంలోనైనా ప్రధాన రోడ్డు మీద వంద మీటర్లు ఫుట్‌పాత్ దిగకుండా నడిచి చూడండి. మొదట అడుగెత్తు గట్టు ఎక్కాలి. పది అడుగులకు కాలువ మీద పలక ఒకటి విరిగి, ఇనుప చువ్వ పైకి లేచి ఉంటుంది. ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ గద్దె. దాని పక్కన షాపువాళ్లు బండ్లు ఎక్కించుకోవడానికి పోసుకున్న సిమెంటు వాలు. దాని మీద వరసగా మోటారు సైకిళ్లు. మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మ నాలుగుసార్లు ఎక్కి దిగలేక రోడ్డు మీదికే వచ్చేస్తుంది, వెనక నుంచి లారీ హారన్ కొడుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ గట్టు 150 మిల్లీమీటర్లకు మించకూడదు, అంటే అరడుగు. ఇళ్ల మధ్య కనీసం 1.8 మీటర్లు, బజారు వీధుల్లో 2.5 మీటర్ల వెడల్పు అడ్డం లేకుండా ఉండాలి. మోకాళ్లు నొచ్చే మనిషిని మనసులో పెట్టుకుని రాసిన కొలతలవి. ఆచరణలో వాటిని పట్టించుకున్న వీధులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఈ నిర్లక్ష్యానికి ప్రాణాలతో మూల్యం చెల్లిస్తున్నాం. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది కాలినడకన వెళ్తున్నవాళ్లే. రోజుకు దాదాపు 90 మంది. అడ్డంకులు లేని ఫుట్‌పాత్ రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది.

డబ్బు కేటాయింపులో ముందడుగు వేసిన నగరం చెన్నై. 2014లో నగరపాలక సంస్థ ఆమోదించిన విధానం రవాణా నిధుల్లో 60 శాతం నడకకు, సైకిలుకు ఖర్చు పెట్టాలంది. తెలుగు సినిమావాళ్ల పాతరోజుల జ్ఞాపకాల్లో వినిపించే టి.నగర్ పాండీ బజారు 2019లో వెడల్పాటి నడక వీధిగా మారింది. దుకాణదారులు మొదట బేరాలు పోతాయని భయపడ్డారు. నడిచే మనిషే ఆగి కొంటాడన్నది బజారు తెలిసినవాళ్లకు కొత్త సంగతేమీ కాదు.

సైకిలు విషయంలో దేశంలో చెప్పుకోదగ్గ పెట్టుబడి బిహార్‌ది. 2006లో మొదలైన పథకం కింద తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి డబ్బిచ్చారు. హైస్కూలులో బాలికల చేరిక 32 శాతం పెరిగిందని, బాలబాలికల మధ్య అంతరం 40 శాతం తగ్గిందని కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అధ్యయనంలో తేలింది. హైస్కూలు దూరంగా ఉన్న ఊళ్లలో ఫలితం ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లోనూ ‘బడికొస్తా’ పేరుతో తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్లు పంచారు. చదువు కోసం ఇచ్చిన సైకిలే రోజువారీ వ్యాయామం అయింది.

తెలంగాణలో పల్లె ప్రగతి కార్యక్రమంతో ఊరూరా పల్లె ప్రకృతి వనాలు, ఆ తర్వాత క్రీడా ప్రాంగణాలు వచ్చాయి. ఆలోచన ఎంతో మంచిది. ఊరికి నడిమధ్యన చోటు దొరికిన ఊళ్లలో పిల్లలు సాయంత్రం అక్కడే కనిపిస్తారు. ఊరవతల మిగిలిన చోట పెట్టిన ఊళ్లలో బోర్డు నిలబడి ఉంటుంది, ఆట కోర్టులో గడ్డి మొలుస్తుంది. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో ప్రారంభించిన 23 కి.మీ. సైకిలు దారి మరో రకం. 4.5 మీటర్ల వెడల్పు, పైన 16 మెగావాట్ల సౌరఫలకాల కప్పు. ఎండా వానా తగలకుండా సైకిలు తొక్కవచ్చు, కరెంటూ వస్తుంది. మన ఎండలకు తగిన ఉపాయమిది. అయితే అక్కడికి చాలామంది సైకిలును కారు వెనక కట్టుకుని వస్తారు. బతుకుతెరువు కోసం సైకిలు తొక్కే వాచ్‌మన్, పేపరు కుర్రాడు, తాపీ మేస్త్రీ తిరిగే రోడ్ల మీద ఇంకా గీత కూడా లేదు. తర్వాతి రూపాయి వాళ్ల రోడ్డు మీద పడాలి.

ఖర్చు, ఆదా, నిర్వహణ

నడక, సైకిలు దారుల వల్ల తగ్గే అకాల మరణాలను డబ్బుగా లెక్కగట్టడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం ‘హీట్’ అనే లెక్కింపు సాధనం తయారుచేసింది. ఆర్థికవేత్తలకు ఇలాంటివి ఎంత ఉపయోగపడినా, ఒక చిక్కు మిగిలే ఉంటుంది: ఖర్చు పెట్టేది మున్సిపాలిటీ, ఆదా అయ్యేది ఇంకొకరికి. భారతదేశంలో 2021-22లో మొత్తం ఆరోగ్య వ్యయంలో 39.4 శాతం జనం సొంత జేబుల్లోంచి పెట్టారు. అంటే షుగర్ అదుపులో ఉంటే మిగిలేది ఆ ఇంటి సొమ్ము. మున్సిపల్ కమిషనర్ చేతికి వచ్చే లెక్కల్లో అది ఎక్కడా కనపడదు. అందుకే ఆరోగ్యశాఖ బడ్జెట్లో కొంత వాటా నేరుగా వీధులకు, మైదానాలకు వెళ్లాలన్న వాదనకు బలం ఉంది.

నిర్మాణం కంటే నిర్వహణ కష్టం. చైనాలో క్రీడా లాటరీ సొమ్ముతో పేటపేటకూ పెట్టిన ఆరుబయటి వ్యాయామ యంత్రాల్లాంటివే ఇప్పుడు మన పార్కుల్లో ఓపెన్ జిమ్‌లుగా కనిపిస్తున్నాయి. కొత్తల్లో క్యూ ఉంటుంది. ఏడాదికి నడుము తిప్పే పళ్లెం బేరింగు పోతుంది, గాల్లో నడిచినట్టు కాళ్లు ఊపే యంత్రానికి ఒక పెడలు ఊడుతుంది. ఎవరో బడి పిల్లాడికి దెబ్బ తగిలాక వాచ్‌మన్ దాన్ని తాడుతో కట్టేస్తాడు. బేరింగు ఖరీదు పెద్దదేమీ కాదు. కొనడానికి పద్దు లేదు, అంతే.

వెలుతురు సంగతీ అదే. పార్కులో రెండు దీపాలు మాడిపోతే ఆ మూల వైపు ఆడవాళ్లు వెళ్లడం మానేస్తారు. చాలినంత శ్రమ లేని ఆడవాళ్లు 57 శాతం అన్న అంకెలో ఆ మాడిపోయిన దీపాలు, లేని మరుగుదొడ్లు, మగపిల్లల క్రికెట్టే నిండిపోయిన మైదానాలు అన్నీ ఉన్నాయి. ఇక తోపుడుబండ్లను మొత్తంగా ఊడ్చేస్తే ఫుట్‌పాత్ బాగుపడుతుందనుకోవడం పొరపాటు. బండి దగ్గర వెలుగు ఉంటుంది, మనిషి ఉంటాడు. 2014 వీధి వ్యాపారుల చట్టం వాళ్లకు చోటు గుర్తించమంటోంది, వెళ్లగొట్టమనడం లేదు.

గాలి కాలుష్యంలో నడిస్తే మేలా కీడా అన్న సందేహం సహజమే. కేంబ్రిడ్జి పరిశోధకులు 2016లో వేసిన లెక్క ప్రకారం, ఘనమీటరు గాలిలో సూక్ష్మధూళి 100 మైక్రోగ్రాములున్న ఊళ్లో కూడా రోజుకు గంటన్నర సైకిలు తొక్కితే గాని, పది గంటలకు పైగా నడిస్తే గాని కీడు మేలును మించదు. మనకు అంతకంటే పెద్ద అడ్డంకి ఎండ. ఏప్రిల్, మే నెలల్లో బెజవాడలోనో రామగుండంలోనో చెట్టు నీడ లేని ఫుట్‌పాత్ ఎంత వెడల్పున్నా పగలు పనికిరాదు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొట్టేసిన వేపలు, కానుగలు తిరిగి పెరగడానికి పదిహేనేళ్లు పడుతుంది.

విశాఖపట్నంలో రామకృష్ణా బీచ్ రోడ్డును తెల్లవారుజామున వాహనాలకు మూసి నడిచేవాళ్లకు వదిలేస్తారు. కొన్ని బారికేడ్లు, కొందరు పోలీసులు, అంతకు మించి ఖర్చు లేదు. ఇంకా చీకటి విడకముందే జంటలుగా, గుంపులుగా జనం వచ్చేస్తారు. రాగిజావ అమ్మే బండ్లు వస్తాయి. తెలవారిన కాసేపటికి, ఆఫీసుల వేళ కాకముందే బారికేడ్లు పక్కకు జరుగుతాయి.